నోరు తిరగని తూ

“ఇంకోసారి అడుగుతాను, దో చిలకమ్మా. నేను కౌంటర్లో ఆఫీసర్ని అనుకోండి. ఈ అబ్బాయి మీకేమవుతాడు?”

అడుగుతున్న వేణుబాబు ఆఫీసరు కాదు. టికెట్లూ గదులూ బుక్ చేసిపెట్టే మనిషి. పీట మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్న తీరు మాత్రం అచ్చం ఆఫీసరుదే, పేరు ముందు దో అని బర్మా మర్యాద తగిలించడం కూడా.

చిలకమ్మ రుబ్బిన శనగపప్పులో ఉల్లిపాయ ముక్కలు కలుపుతోంది. బర్మాలో ఈ పజుండౌంగ్ పేటలో ఆమె గారెలకి పేరుంది. బర్మావాళ్ళు బయాజో అని కొనుక్కుపోతారు, తెలుగువాళ్ళు గారెలని కొనుక్కుపోతారు. మూకుడుకి ఆ తేడా తెలియదు.

“కొడుకు,” అంది తలెత్తకుండా.

“మళ్ళీ అదే! కొడుకు కాదండీ బాబూ, తూ. బర్మా మాటలో చెల్లెలి కొడుకుని తూ అంటారు. ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగినోరికి నేను చెప్పాలా?”

“తెలీకేటి? నోరు రాదు. నా సేతుల్తో నీల్లోసి పెంచిన గుంటణ్ణి పట్టుకుని తూ అని ఉమ్మీమంటావేటి?”

గడప దగ్గర గోళ్ళకి రంగు వేసుకుంటున్న ఫ్యూ ఫ్యూ పకపకా నవ్వింది. చిలకమ్మకి ఒక్కతే కూతురు. తండ్రి మౌంగ్ మౌంగ్ ఉన్నన్నాళ్ళూ ఇంట్లో బర్మా మాటే నడిచింది కాబట్టి ఆ పిల్లకి తెలుగు చెవికి ఎక్కినంతగా నోటికి ఎక్కలేదు.

“అమ్మా, అదొక మాట, అంతే. అక్క కొడుకు తూ, అన్న కొడుకు తూ. అందరూ తూ.”

“అదే కదే నేనంతన్నాను! వావీ వరసా లేని మాట. అన్న కొడుకైతే మేనల్లుడు, పిల్లనిత్తాం. చెల్లి కొడుకు కొడుకే. నిన్ను పక్కన నిలబెట్టుకుని ఆణ్ణి తూ అంటే, ఈ ముసిల్ది కూతుర్నీ అల్లుణ్ణీ ఊరేగించుకు పోతందనుకోరా?”

“ఎవరూ అనుకోరు,” అన్నాడు వేణుబాబు. “వాళ్ళు చూసేది ఒక్కటే. మీరు నిజంగా సరదాకే పోతున్నారా, కుర్రాణ్ణి దాటించేస్తున్నారా అని.”

ఫ్యూ ఫ్యూ నవ్వు ఆగిపోయింది.

సంగతి అదే మరి. వయసులో ఉన్న మగపిల్లల్ని సైన్యంలోకి పిలుస్తున్నారు. పక్క వీధిలో లాటరీ తీస్తే చీటీ తగిలిన కుర్రాడు వెళ్ళాడు, మళ్ళీ ఫోన్ లేదు. పోయిన వారం వార్డు ఆఫీసు నుంచి ఒక మనిషి చిలకమ్మ చెల్లెలు జయంతి ఇంటికొచ్చి, మంచినీళ్ళు తాగి, కొడుకు త్రినాథ్ వయసెంతని మర్యాదగా అడిగి పోయాడు. ఆ మర్యాద చూసే తనకి చెమటలు పట్టాయంది జయంతి. ఒంటరిగా విమానం ఎక్కబోయే కుర్రాళ్ళని వెనక్కి పంపేస్తున్నారు. పెద్దమ్మతో, చెల్లెలి వరస పిల్లతో విహారానికి పోయే కుర్రాణ్ణయితే పోనిస్తారని వేణుబాబు ఆలోచన. థాయిలాండ్‌లో ఒక చిన్న ఊరు, కాలువ ఒడ్డున సందడి లేని రిసార్టు, దగ్గర్లో పడవల మీద సంత. మూడు రాత్రులు. అక్కణ్ణించి త్రినాథ్ మహాచాయ్ అనే చేపల రేవుకి పోయి రొయ్యల పనిలో కుదురుకుంటాడు. ఆడవాళ్ళిద్దరూ ఫోటోలు తీసుకుని తిరిగొస్తారు.

త్రినాథ్ లేత్ షాపు నుంచి వచ్చి, చేతుల గ్రీజు గోడకి రాయకుండా మోచేతులతో తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. చిలకమ్మ గిన్నెలో పిండి ముద్ద తీసి ఇస్తే సబ్బులా రుద్దుకున్నాడు.

“పెద్దమ్మా, నీకు నోరు రాకపోతే మానీ. అడిగితే నేను సెప్తానులే,” అన్నాడు.

“నిన్నడగరు. ఆవిణ్ణే అడుగుతారు,” అన్నాడు వేణుబాబు.

ఆ సాయంత్రం చిలకమ్మ గారె తట్టి నూనెలో వదిలినప్పుడల్లా పట్టుదలగా తూ అంది. కొనడానికొచ్చిన తెలుగావిడ ఒకడుగు వెనక్కి వేసి, “ఓలమ్మ, గారెల్లో ఉమ్ముతున్నావేటి!” అంది.

*

జయంతి ఎయిర్‌పోర్టుకి రాలేదు. విహారానికి పోయేవాళ్ళని ఏడుస్తూ సాగనంపే తల్లి ఎక్కడా ఉండదని వేణుబాబు ముందే చెప్పాడు. ఆమె ఇంట్లోనే కొడుకు మొహం కొంగుతో తుడిచి, తుడిచిన చోటే మళ్ళీ తుడిచి, లోపలికి పోయి మొగుడు బలరాంని పంపింది టాక్సీ పిలవమని.

త్రినాథ్ ఒంటి మీద పువ్వుల చొక్కా. మడతలు విప్పి ఎంత దులిపినా కొత్తవాసన పోలేదు. చిలకమ్మకి ఫ్యూ ఫ్యూ నల్ల కళ్ళద్దాలు పెట్టింది. వాటితో మెట్లు కనబడక ఆమె త్రినాథ్ చేయి పట్టుకుని నడిచింది. చూసినవాళ్ళు నిజంగానే సరదా కుటుంబం అనుకుని ఉంటారు.

క్యూ పక్కన బెంచీ మీద నలుగురైదుగురు కుర్రాళ్ళు ఒళ్ళో బ్యాగులు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళని ఎవరూ తిట్టడం లేదు, ఎవరూ పలకరించడం లేదు. చిలకమ్మ వాళ్ళ వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. పెదవులు కదుపుతూ ఆ ఒక్క మాటా లోపల అనుకుంటూనే ఉంది.

కౌంటర్లో ఉన్నది కుర్ర ఆఫీసరే. త్రినాథ్ కంటే చిన్నవాడేమో కూడా. అద్దం వెనక నుంచి చిలకమ్మని చూసి, పెద్దవాళ్ళని బర్మావాళ్ళు పిలిచినట్టే, “రండమ్మా” అన్నాడు.

“ఎక్కడికమ్మా?”

చెప్పింది.

“అక్కడేం చూస్తారమ్మా?”

పడవల మీద సంత అంది. పడవల్లోనే పొయ్యిలు పెట్టి వండుతారట, తను కూడా వంటమనిషినే కాబట్టి చూడాలని ఎన్నాళ్ళనుంచో కోరిక అంది. వేణుబాబు నేర్పని మాట అది. ఫ్యూ ఫ్యూ తల్లిని మెచ్చుకోలుగా చూసింది. ఆఫీసరు కూడా నవ్వాడు. ఫ్యూ ఫ్యూ పాస్‌పోర్టు చూసి, కూతురా అని తనే అనుకుని పక్కన పెట్టాడు. త్రినాథ్‌ది తెరిచాడు.

“మరి ఈయన, అమ్మా?”

ఎన్నిసార్లు అడిగించుకుందో ఈ ప్రశ్న. కానీ వేణుబాబు ఎప్పుడూ అమ్మా అని అడగలేదు. అంత నెమ్మదిగా, ఇంటి పిల్లాడు అడిగినట్టు అడిగేసరికి చిలకమ్మ నోరు ఆమె మాట వినలేదు.

“తా,” అంది. కొడుకు.

తూకీ తాకీ ఒక్క గుణింతమే తేడా. ఆఫీసరు పేజీ తిప్పాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు.

“ఈయన తండ్రి ఊ బలరాం. ఈ అమ్మాయి తండ్రి ఊ మౌంగ్ మౌంగ్. కొడుకెలా అవుతాడమ్మా?”

 ఫ్యూ ఫ్యూ ఏదో చెప్పబోయింది. ఆఫీసరు అరచెయ్యి చూపించి ఆపాడు. అప్పుడు చిలకమ్మ కౌంటర్ పట్టుకుని ముందుకు వంగి, “తూ! తూ, తూ!” అంది. ఇన్నాళ్ళూ రాని మాట ఒకేసారి ఊడిపడింది. ఆ తొందరలో అద్దం మీద తుంపర పడింది.

ఆఫీసరు కోప్పడలేదు. అద్దం కింద సందులోంచి చెయ్యి చాచి చొక్కా చేతితో తుడిచాడు.

“కంగారు పడకండమ్మా. మీరిద్దరూ వెళ్ళొచ్చు,” అని రెండు పాస్‌పోర్టుల మీద ముద్ర కొట్టాడు. మూడోది వెనకాలున్న మనిషికి అందించాడు. ఆ మనిషి త్రినాథ్‌కి బెంచీ చూపించాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. చిలకమ్మ జన్మలో ఎవర్నీ పరుషంగా ఒక మాట అని ఎరగదు. ఆ నోరే ఇవాళ పిల్లాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టింది.

“నేను పోను. నేనూ వచ్చెత్తాను,” అని ఆమె బెంచీ దగ్గరికి వచ్చేసింది. త్రినాథ్ లేవలేదు. మొహం మీద నవ్వు అలాగే ఉంచి, చుట్టుపక్కల ఎవరికీ తెలియని తెలుగులో మాట్లాడాడు.

“పెద్దమ్మా, బేగి ఎల్లిపోండి. మీరూ తిరిగొచ్చీసినారంటే ఇదంతా నాకోసమే ఆడిన నాటకమని తెలిసిపోద్ది. అప్పుడు నన్ను ఇంటికి పంపరు, ఇటునుంచిటే పట్టుకుపోతారు. మీరు ఎల్తే, పాపం సరదాకే బయల్దేరినార్రా అనుకుని ఒదిలెత్తారు. ఎల్లండి. ఫోటోలు తీసుకోండి.”

చిలకమ్మ అతని చొక్కా బొత్తం ఒకటి ఊడి ఉంటే పెట్టింది. పెట్టడం అయిపోయాక ఇంకేం చేయాలో తోచలేదు. ఫ్యూ ఫ్యూ రెక్క పట్టుకుని నడిపించింది.

*

రిసార్టు చాలా బాగుంది. అదే ఆమెకి భరించరానిదయింది.

కాలువలోకి దిగేసిన గుంజల మీద చెక్క గదులు, ఒక్కో గదికి నీళ్ళ మీదికి చిన్న వసారా. కొబ్బరాకుల నీడ, గోధుమరంగు నీళ్ళు. ఎప్పుడో ఒక పడవ పోతుంది, అది పోయాక అల వచ్చి మెట్టుని తడిమి పోతుంది. గదిలో మూడు మంచాలు. మూడింటి మీదా తువ్వాళ్ళని హంసల్లా మడిచి పెట్టారు. చిలకమ్మ మూడో మంచం వైపు వీపు పెట్టి పడుకుంది.

త్రినాథ్ ఫోన్ చేశాడు. సాయంత్రం దాకా కూర్చోబెట్టి ఇంటికి పంపేశారట.

“అమ్మకి కంప్యూటర్లో ఏదో తేడా వచ్చిందని సెప్పినాను. నువ్వు మరింకేటీ సెప్పకు,” అన్నాడు.

“నా నోరు పడిపోనూ,” అని ఏడ్చింది ఆమె.

“పడిపోతే గారెలెవరమ్ముతారు? గది ఎలాగుంది పెద్దమ్మా? నీల్ల మీదేనా?”

నీళ్ళ మీదే అని చెప్పింది. ఆ పిల్లాడు ఆ నీళ్ళ గురించి ఇంకా ఇంకా అడిగాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ కొబ్బరిచెట్ల గురించీ పడవల గురించీ చెప్పింది.

పొద్దున్నే గది ఊడవడానికి వచ్చిన పిల్ల వీళ్ళ మాట విని చీపురు ఆపింది. బర్మా పిల్లే, పేరు సాన్ సాన్. అప్పటికే చిలకమ్మ పక్కలు సర్ది, వసారా కడిగి, టీ కప్పులు కూడా తోమి బోర్లించింది. సాన్ సాన్ అవి చూసి కంగారు పడిపోయింది.

“అలా చేయకండి అత్తా. నేను పని చేయట్లేదని నన్ను మాటంటారు. మీరు హాయిగా కూర్చోండి.”

హాయిగా కూర్చోవడం చిలకమ్మకి ఎవరూ నేర్పలేదు. కుర్చీలో వెనక్కి వాలితే నడుం నొప్పి, ముందుకు వంగితే నీళ్ళలో తన మొహం. కాలుగాలిన పిల్లిలా వసారాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగింది. ఫ్యూ ఫ్యూ మాత్రం సాన్ సాన్‌తో పాటు మెట్టు మీద కూర్చుని గుసగుసగా చాలాసేపు మాట్లాడింది. ఎవరి ఊరి కబుర్లు వాళ్ళు చెప్పుకుంటున్నారనుకుంది చిలకమ్మ.

మర్నాడు సంతకి వెళ్ళారు. వెళ్ళకపోతే ఫోటోలెక్కడివి? కాలువ నిండా పడవలు ఒకదానికొకటి రాసుకుంటూ నిలబడ్డాయి. మామిడిపళ్ళ పడవ, పువ్వుల పడవ, నూడిల్స్ పడవ. ఒక పడవలో ముసలామె గుంటల పెనం మీద కొబ్బరిపాల పిండి పోస్తోంది, మన గుంటపునుగుల్లాగే. పడవ ఊగుతుంటే ఆమె మోచెయ్యి ఊగకుండా గరిటె తిప్పడం చూసి చిలకమ్మ ఒక్క నిమిషం అన్నీ మర్చిపోయింది. మంట ఎక్కడ పెట్టింది, నీళ్ళు పెనంలోకి ఎగరకుండా ఏం అడ్డం కట్టింది అని వంగి వంగి చూసింది. త్రినాథ్‌కి చూపిద్దామని పక్కకి తిరిగింది కూడా.

“అమ్మా, నవ్వు,” అంది ఫ్యూ ఫ్యూ ఫోన్ ఎత్తి.

నవ్వింది.

“అలా కాదు. సరదాగా.”

మళ్ళీ నవ్వింది. ఎవరైనా చూడటానికి నవ్వుతున్నప్పుడు బుగ్గలు ఇంత నొప్పి పుడతాయని ఆమెకి అప్పుడే తెలిసింది.

దీపాలు పెట్టే వేళకి జయంతి ఫోన్ వచ్చింది. 

“అప్పా... ఆణ్ణి పట్టుకుపోనారప్పా.”

ఇంట్లో ఉండమంటే ఉన్నాడట. ఇవాళ షాపు యజమాని ఇంజిను పని ఆగిపోయిందని కబురంపితే, అరగంటలో వచ్చేస్తానని వెళ్ళాడట. బస్సు స్టాపు దగ్గర ఆపారట. అతనితో పాటు ఇంకో ఇద్దర్ని. బలరాం వెతుక్కుంటూ వెళితే, ఎక్కడికి తీసుకెళ్ళారో ఒకరు ఒకటి చెబితే ఇంకొకరు ఇంకోటి చెబుతున్నారట.

“ఇప్పుడేటి సెయ్యాలప్పా? నువ్వు సెప్పు. నువ్వు పెద్దదానివి గదా, సెప్పు.”

కాలువలో మిణుగురు పురుగుల్ని చూడబోయే జనంతో ఒక పడవ వెళుతోంది. వసారాలో నిలబడ్డ చిలకమ్మని చూసి పడవలో ఎవరో చెయ్యి ఊపారు. ఆమె ఫోన్ చెవికి పెట్టుకునే, ఏం చేస్తోందో తెలియకుండానే, తిరిగి చెయ్యి ఊపింది.

*

చివరి రోజు పొద్దున ఆమె బట్టలు సర్దుతుంటే ఫ్యూ ఫ్యూ మంచం మీద కూర్చుని అలాగే చూస్తోంది. తన బట్టలు తీయలేదు.

“అమ్మా,” అంది. తర్వాత మాట తెలుగులో వెతుక్కుంది. ముఖ్యమైన మాట తల్లికి తల్లి మాటలోనే చెప్పాలనుకుందేమో. “నేను రాను.”

“ఏటి?”

“ఇక్కడ ఉంటాను. బట్టలు ఉతికే చోట మనిషి కావాలట. సాన్ సాన్ అడిగింది, ఓనర్ సరే అంది. నేను వస్తే... ఇవాళ మగపిల్లలు, రేపు ఆడపిల్లలు. చట్టంలో మేమూ ఉన్నాం. వార్డు మనిషి మన ఇంటికీ వస్తాడు, అమ్మా. నీళ్ళు తాగి నా వయసు అడుగుతాడు.”

చిలకమ్మ చెయ్యెత్తింది. ఎప్పుడూ కొట్టని పిల్లని ఎక్కడ కొట్టాలో తెలియక ఆ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. “ఈసా గడువైపోతే? పోలీసులొత్తే?” అని అడిగింది. “దాక్కుంటాను, సాన్ సాన్ దాక్కోవడంలేదా,” అంది ఫ్యూ ఫ్యూ. “మరి నేను?” అని అడగాలనుకుంది. అడగలేదు. అడిగితే పిల్ల వచ్చేస్తుందని తెలుసు. వచ్చేస్తే ఏమవుతుందో బస్సు స్టాపు చూపించింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో నిలబడ్డ మనిషికి కనీసం అరిచే హక్కయినా ఉంటుంది, ఆ చెక్క గోడల మధ్య అది కూడా లేదు.

“ఇటు రా,” అని కింద కూర్చోబెట్టుకుని కూతురి జుట్టు విప్పింది. కొబ్బరినూనె రాసి, చిక్కులు తీసి, తీసిన పాయల్నే మళ్ళీ దువ్వి, గట్టిగా జడ వేసింది. బట్టలు ఉతికే పనిలో జుట్టు మొహం మీద పడకూడదు. ఫ్యూ ఫ్యూ నొప్పెడుతున్నా కదల్లేదు. బయట వ్యాను హారన్ కొట్టింది. మళ్ళీ కొట్టింది.

ఎవర్ని దాటించడానికి వచ్చిందో ఆ పిల్లాడు బెంచీ దగ్గరే ఆగిపోయాడు. తోడుకి తెచ్చుకున్న పిల్ల ఒడ్డున ఉండిపోయింది.

*

విమానంలో పక్క సీటు ఖాళీ. దారంతా చిలకమ్మ సమాధానాలు వల్లించుకుంది. కూతురికి కడుపునొప్పి, ఆస్పత్రిలో ఉంది, స్నేహితురాలు చూసుకుంటోంది, వారం పోయాక వస్తుంది. బర్మా మాటలు ఒక్కొక్కటీ తూచి, తప్పు రాకుండా పేర్చుకుంది. అడిగితే చూపించడానికి ఫోన్లో నవ్వుతున్న ఫోటోలున్నాయి.

కౌంటర్లో వేరే మనిషి ఉన్నాడు. పాస్‌పోర్టు తెరిచాడు. ముద్ర కొట్టాడు. వెనక్కి తోశాడు.

చిలకమ్మ కదల్లేదు.

అతను అప్పుడు తల ఎత్తాడు. “ఏం కావాలి?”

ఇద్దరం వెళ్ళి ఒక్కదాన్నే వచ్చానని, ఆ రెండో మనిషి ఎక్కడని ఎవరో ఒకరు అడుగుతారని ఆమె అనుకుంది. అడుగుతారని భయపడింది. అడగకపోతే ఇలా ఉంటుందని అనుకోలేదు.

“ఏమీ లేదు,” అంది. అతను ఆమె వెనకాలవాళ్ళని రమ్మన్నాడు.

బయట జయంతి నిలబడి ఉంది. నాలుగు రోజుల్లో నాలుగేళ్ళు మీద పడ్డట్టుంది మొహం. అక్కని చూసి, అక్క వెనకాల చూసి, అద్దాల తలుపు తెరుచుకున్నప్పుడల్లా అటే చూసింది.

“రాదే,” అంది చిలకమ్మ. “ఉండిపోనాది.”

జయంతికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత అక్క చేతిలో సంచీ తీసుకుంది. “మంచి పని సేసింది. ఒక్కర్తైనా దక్కింది,” అంది. నిజంగానే అంది, ఎత్తిపొడుపు లేదు. కొడుకు పోయిన మనిషి అలా అంటుంటే తన కూతురి కోసం ఏడవడానికి చిలకమ్మకి మొహం చెల్లలేదు.

ఇద్దరూ బస్సు కోసం రోడ్డు దాటారు. కొడుకు ఎక్కడున్నాడో ఇంకా తెలియలేదంది జయంతి. వేణుబాబు ఫోన్ ఎత్తడం లేదంది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక అడిగింది.

“ఆ రోజు కౌంటర్లో ఏటైందప్పా? ఆడు కంప్యూటరన్నాడు. నాకు నమ్మబుద్ది కాలేదు.”

చెప్పొద్దన్నాడు పిల్లాడు. కానీ ఇంత మంచిగా సంచీ మోస్తున్న చెల్లెలి పక్కన కూర్చుని అబద్ధం మోయడం చిలకమ్మ వల్ల కాలేదు.

“కంప్యూటరు కాదే. ఆపీసరు నన్నడిగినాడు, ఈడు నీకేటౌతాడని. వేణుబాబు నేర్పిన మాట సెప్పలేకపోనాను. కొడుకనీసినాను. అందుకే ఆపీసినారు.”

చెప్పేసి తల వంచుకుని కూర్చుంది. జుట్టు పట్టుకున్నా, నలుగురిలో శాపనార్థాలు పెట్టినా పడదామనుకుంది.  చిలకమ్మ తలెత్తి చూస్తే, చెల్లెలి కళ్ళలో కోపం లేదు. ఇంకా ఏదో చెబుతుందేమోనని ఎదురుచూస్తున్నట్టు అక్క మొహంలోకే చూస్తోంది. అందులో తప్పేముందో ఆమెకి బోధపడలేదు.

“మరింకేటంతావప్పా?” అంది జయంతి. “కొడుకు కాకపోతే ఆడు నీకేటౌతాడు?”